ట్రంకు పెట్టెలో నూకరాజు

నాన్న సంవత్సరీకానికి ఊరెళ్లాను. కార్యక్రమం అయ్యి, చుట్టాలంతా భోజనాలు చేసి ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, అటక మీద సామాను దించుదామన్నాడు తమ్ముడు. పైకప్పు కారుతోంది, మేస్త్రీ రేపొస్తానన్నాడు. ఇత్తడి గంగాళం, కోడు విరిగిన మంచం, వాడి మూడు చక్రాల సైకిలు, అన్నీ అయ్యాక చివర్లో దిగింది నా ట్రంకు పెట్టె. ఆకుపచ్చ రంగు పెచ్చులూడి మూలల్లో తుప్పు పట్టింది. మూత మీద తెల్ల పెయింటుతో నా పేరు, దాని కింద 'లా' అని ఒకే ఒక్క అక్షరం. బి.ఎల్. అని రాయాలో ఎల్‌ఎల్‌.బి. అని రాయాలో నాన్నకీ పెయింటరుకీ తేలక, ఆ ఒక్క అక్షరంతో సరిపెట్టేశారు.

గొళ్లెం పట్టేసింది. కొబ్బరినూనె చుక్క వేసి, పచ్చడిబండతో రెండు దెబ్బలు వేస్తే ఊడొచ్చింది. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన, పాత కాగితం వాసన, వాటి అడుగున ఉప్పగా ఒక చెమ్మ. మూడేళ్లు వాల్తేరు సముద్రపు గాలి తాగిన పెట్టె. ఇన్నేళ్లు అటక మీద ఎండినా ఆ చెమ్మ పోలేదు. లేదా నాకే అలా అనిపించిందేమో.

"పాత పేపర్లవాడికి వేసేద్దామా అక్కా? చట్టాలన్నీ మారిపోయాయన్నావుగా" అన్నాడు తమ్ముడు.

నిజమే, నేనే అన్నాను. 2024 జులై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ పోయి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. పీనల్ కోడ్ 1860 నాటిది, ఎవిడెన్స్ యాక్ట్ 1872 నాటిది. ఆ నంబర్లు పట్టుకునే ఇన్నాళ్లూ అన్నం తిన్నాను. నా బుర్రలో సగం సామాను ఒక్క రోజులో అటకెక్కింది. హత్యకి 302 ఇప్పుడు 103 అట. 420 అంటే ఊళ్లో చిన్నపిల్లలక్కూడా తెలిసిన తిట్టు. ఇప్పుడది 318లో నాలుగో సబ్‌సెక్షన్. ఎవణ్ణయినా పట్టుకుని "వాడొట్టి మూడొందల పద్దెనిమిది బ్రాకెట్లో నాలుగు" అంటే తిట్టినట్టుంటుందా, చెప్పండి.

"ఉండరా, ఓసారి చూసి చెప్తాను" అన్నాను. చూడ్డానికి కూర్చుంటే దీపాలు పెట్టే వేళయింది.

* * *

నాన్న నన్ను లా చదివించింది ఆడపిల్ల తన కాళ్ల మీద తను నిలబడాలని కాదు. ఆయనకో దావా ఉంది. పెదనాన్నతో ఎనభై సెంట్ల కొబ్బరి తోట పంపకాల దావా. "ప్లీడర్లకి పోసిన డబ్బుతో ఇంకో తోట కొనేవాణ్ణి" అనేవారు. ఇంట్లోనే ఒక ప్లీడరుంటే ఫీజు మిగులుతుందని ఆయన లెక్క. తమ్ముడికి చదువబ్బదని నాలుగో క్లాసుకే తేలిపోయింది కాబట్టి ఆ లెక్కలోకి నేనొచ్చాను.

వాయిదా ఉన్న రోజు పొద్దున్నే మా ఇంట్లో చప్పుళ్లు వేరు. తెల్లారకుండానే నూతి దగ్గర గిలక కీచుమనేది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచె మడతలు విప్పుతుంటే పటపటమనేది. కాగితాలు పెట్టుకునే సంచీ జిప్పు సగంలో ఆగిపోయేది. కొవ్వొత్తి ముక్క రుద్దితేగానీ కదిలేది కాదు. ఆ తర్వాత గుమ్మంలో చెప్పుల చప్పుడు, అంతే. ఎక్కడికని అమ్మ అడిగేది కాదు, ఆయన చెప్పేవారూ కాదు. బయల్దేరేవాళ్లని ఎక్కడికని అడిగితే వెళ్లిన పని కాదని మా ఇళ్లల్లో గట్టి నమ్మకం. పొరపాటున అడిగితే వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. మరీ తప్పనిసరైతే "ఎందాకా?" అనాలి. అమ్మ అదీ అనేది కాదు.

సాయంత్రం వచ్చి "వాయిదా పడింది" అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానంటే, వాయిదా అంటే పడేదే కాబోలు, వాన పడ్డట్టు, అనుకునేదాన్ని చిన్నప్పుడు.

* * *

ఆంధ్రా యూనివర్సిటీలో సీటొచ్చిందని తెలిసిన వారానికి ఈ పెట్టె కొన్నారు. పిఠాపురం స్టేషన్లో పాసింజరు ఎక్కాం. పెట్టె సీటు కింద దూరలేదు, నడవలోనే పెట్టి దాని మీద నన్ను కూర్చోమన్నారు. గొల్లప్రోలు దాటాక అన్నవరం కొండ కనిపించగానే బోగీలో అందరూ లేచి దణ్ణం పెట్టుకున్నారు. నేనూ లేస్తే, ఇద్దరు ముసలాళ్లు నా పెట్టె మీద కూర్చుండిపోయారు. తుని, నర్సీపట్నం రోడ్డు, ఎలమంచిలి, అనకాపల్లి... దువ్వాడ దాకా నిలబడే ఉన్నాను. న్యాయశాస్త్రంలో నాకు దొరికిన మొదటి పాఠం అదే: లేచినవాడి చోటు కూర్చున్నవాడిది. పొసెషన్, అంటే స్వాధీనం, గురించి తర్వాత చాలా చదివాను గానీ, ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

డిగ్రీ దాకా నాది తెలుగు మీడియం. ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది, వింటే సగం అర్థమయ్యేది, మాట్లాడాలంటే నాలిక పిడచకట్టేది. మొదటి నెలలో కాంట్రాక్ట్ యాక్ట్ క్లాసులో 'కన్సిడరేషన్' అన్న మాట ఓ వంద సార్లు వినపడింది. డిక్షనరీ చూస్తే 'పరిశీలన' అని ఉంది. పరిశీలన లేని ఒప్పందం చెల్లదు అని నోట్సులో రాసుకున్నాను. బాగానే ఉంది కదా, ఏ ఒప్పందమైనా పరిశీలించుకునే చేసుకోవాలి. అలా నెల రోజులు గడిపాను.

ఓ రోజు మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, మా మొహాలు చూసి, తెలుగులోకి దిగారు. వందేళ్లు దాటిన మద్రాసు హైకోర్టు కేసు, చిన్నయ్య వర్సెస్ రామయ్య. ఒక పెద్దావిడ తన భూమిని కూతురికి దానపట్టా రాసింది. రాస్తూ, ఏడాదికి 653 రూపాయల చొప్పున నా తోబుట్టువుకి ఇస్తూ ఉండు అని షరతు పెట్టింది. కూతురు సరేనని ఆ తోబుట్టువుకీ కాగితం రాసిచ్చింది. తర్వాత ఇవ్వనంది. నాకు మీరేం ఇచ్చారు గనక నేను మీకివ్వాలి అంది.

"ఏమ్మా, నువ్వు చెప్పు. ఆ అమ్మాయి ఇవ్వాలా, అక్కర్లేదా?" అని నన్నే అడిగారు.

"ఇవ్వాలండి. భూమి వాళ్లమ్మది కదండీ. తీసుకునేటప్పుడు తీసుకుని, ఇచ్చేటప్పుడు నువ్వేం ఇచ్చావని అడిగితే ఎలాగండి?"

"కోర్టూ అదే అంది. ప్రతిఫలం నువ్వే ఇవ్వక్కర్లేదు, నీ తరఫున ఇంకొకళ్లిచ్చినా చాలు. కన్సిడరేషన్ అంటే అదమ్మా, ప్రతిఫలం."

నెల రోజుల పరిశీలన అంతా కొట్టేసుకున్నాను. ఆ నోట్సు ఈ పెట్టెలోనే ఉంది. నీలం సిరా, 'పరిశీలన' మీద అడ్డగీత, పక్కన వంకరగా 'ప్రతిఫలం'.

అప్పణ్ణించి పుస్తకాల్లో తెలుగు పేర్ల కోసం వెతకడం మొదలైంది. ఇంగ్లండు కేసులు బోలెడు. కార్బాలిక్ పొగ ఉండలు, సీసాలో నత్తలు, గుర్రాలు, ఓడలు. వాటి మధ్య మన పేరొకటి కనిపిస్తే, తెలియని ఊరి బస్టాండులో మనూరి మనిషి కనపడ్డట్టుండేది. చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ, 1917. పేర్లు చూస్తేనే మా గోదావరి వైపు వాసన కొట్టేది. మొగుడు భార్యనీ కొడుకునీ కూర్చోబెట్టి, ఈ ఆస్తి మీద హక్కు వదులుకుంటున్నామని నా తోడబుట్టినవాడి పేర రాసివ్వండి, రాయకపోతే చచ్చిపోతాను అన్నాడు. రాసిచ్చారు. చస్తానని బెదిరించి రాయించుకుంటే అది బలవంతం కిందికి వస్తుందా రాదా? ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు వస్తుందన్నారు, ఒకాయన రాదన్నారు. ఆత్మహత్యకి శిక్ష లేదు, ప్రయత్నానికే ఉంది, మరి బెదిరింపు ఏ లెక్క అని వాళ్ల గొడవ.

ఈ కేసు చెప్తున్నప్పుడు మా బెంచీలో ఒకమ్మాయి వంచిన తల ఎత్తలేదు. మా అందరిళ్లల్లోనూ ఇలా చస్తాననేవాళ్లు ఒకరో ఇద్దరో ఉన్నారు. దానికి చట్టంలో పేరుందని, అది ఇంగ్లీషులో అచ్చయి అందరూ చదువుతారని మాకు తెలీదంతే. ఇప్పుడు కొత్త సంహితలో ఆత్మహత్యా ప్రయత్నానికి ఆ పాత 309 సెక్షనే లేదు. అమ్మిరాజు కేసు ఈకాలం పిల్లలకి ఎలా చెప్తున్నారో మరి.

* * *

హాస్టల్ గురించి ఎక్కువ చెప్పను, ఎవరి హాస్టలైనా ఒకటే. ఒక్క మెస్సు అప్పలమ్మ గొంతు తప్ప. శ్రీకాకుళం వైపు మనిషి. "బేగి రండమ్మా, సారు సల్లారిపోతాది" అని ఆవిడ వేసే కేక సముద్రం హోరుని కూడా మించిపోయేది. చారు ఎలాగూ చల్లగానే ఉండేది.

పరీక్షల ముందు తెల్లవారుజామున బీచికి పోయి సెక్షన్లు వల్లె వేసేవాళ్లం. ఒకళ్లు నంబరు అంటే ఇంకొకళ్లు హెడ్డింగు చెప్పాలి. లాటిన్ సూక్తులైతే మరీను. 'యాక్టస్ నాన్ ఫాసిట్ రియం నిసి మెన్స్ సిట్ రియా' అని రాగం తీసి చదువుతుంటే, వల విప్పుకుంటున్న జాలరి ఒకాయన "ఏ దేవుడి మంత్రమమ్మా?" అని అడిగాడు. మనసులో పాపం లేకపోతే చేసింది నేరం కాదని అర్థం అని చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి "మరి సేప మాటేటి?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

* * *

ఎవిడెన్స్ యాక్ట్ చెప్పే మాస్టారు అంతకు ముందు కొన్నాళ్లు కింది కోర్టుల్లో ప్రాక్టీసు చేసినాయన. పాఠం చెప్తున్నంతసేపూ కిటికీ రెక్క ఒక చేత్తో పట్టుకునేవారు, గాలికి కొట్టుకోకుండా. మధ్యాహ్నం క్లాసు, అన్నం తిని వచ్చిన కళ్లు మూతలు పడుతున్నాయి. ఆయన నల్లబల్ల మీద 32(1) అని రాసి, వెనక్కి తిరిగి, "పిఠాపురం వాళ్లెవరైనా ఉన్నారా?" అన్నారు.

చెయ్యెత్తాను.

"మీ ఊరి స్టేషన్లో ఒకాయన రైలెక్కాడమ్మా. 1937 మార్చి 21. తిరిగి రాలేదు."

నిద్ర ఎటు పోయిందో తెలీదు.

ఆయన పేరు కుర్రి నూకరాజు. పిఠాపురం దివాన్ గారి దగ్గర బంట్రోతు, నలభై ఏళ్ల వాడు. దివాన్ గారి అల్లుడు పాకాల నారాయణస్వామి, కాపురం బరంపురంలో. ఆ దంపతులకి అంతకుముందు ఏడాది డబ్బు అవసరం పడితే ఈ బంట్రోతు దగ్గరే 3,000 రూపాయలు అప్పు తీసుకున్నారు, ఏడాదికి నూటికి 18 వడ్డీ. మార్చి 20న నూకరాజుకి సంతకం లేని ఉత్తరం ఒకటొచ్చింది, బరంపురం రమ్మని. అది భార్యకి చూపించి, "బాకీ ఇస్తామని దివాన్ గారమ్మాయి రమ్మని రాసింది, బరంపురం వెళ్తున్నాను" అని చెప్పి మర్నాడు బయల్దేరాడు. 23న పూరీ స్టేషన్లో, మూడో తరగతి పెట్టెలో, ఎవరిదో తెలియని స్టీలు ట్రంకు ఒకటి దొరికింది. తెరిచి చూస్తే అందులో మనిషి. ఏడు ముక్కలు.

క్లాసులో కిటికీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. నా ట్రంకు హాస్టల్లో మంచం కింద ఉంది, నా ఒళ్లు జలదరించింది.

"కేసంతా ఒక్క మాట మీదికొచ్చింది" అన్నారు మాస్టారు. చచ్చిపోయినవాడు సాక్ష్యం చెప్పలేడు. వాడేమన్నాడో ఇంకొకళ్లు చెప్తే అది విన్నమాట, సాధారణంగా చెల్లదు. 32(1) కింద మరణ వాంగ్మూలం అయితే చెల్లుతుంది. కానీ నూకరాజు ఆ మాట అన్నప్పుడు నిక్షేపంగా ఉన్నాడు, తను చస్తాడని కల్లో కూడా అనుకోలేదు. మరి భార్యకి చెప్పిన ఆ మాట పనికొస్తుందా? సెషన్స్ కోర్టు, పాట్నా హైకోర్టు దాటి కేసు లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా, అంటే అప్పట్లో మనకి ఆఖరి కోర్టు దాకా వెళ్లింది. 1939 జనవరిలో లార్డ్ అట్కిన్ తీర్పు: పనికొస్తుంది. చావుకి దారితీసిన పరిస్థితుల్లో ఆ ప్రయాణమూ ఒకటి కాబట్టి, ఫలానా చోటికి ఫలానా వాళ్లు పిలిస్తే వెళ్తున్నాను అన్న మాట సాక్ష్యమే. ఇంకో తమాషా ఏమిటంటే, నూకరాజు మా ఇంటికొచ్చి వెళ్లిపోయాడని ముద్దాయి నారాయణస్వామి పోలీసులకి చెప్పిన మాటని మాత్రం ప్రివీ కౌన్సిల్ పక్కన పెట్టేసింది, పోలీసు విచారణలో చెప్పింది కాబట్టి చెల్లదని. అయినా అప్పీలు కొట్టేసింది. బతికున్నవాడి మాట పోయింది, చచ్చినవాడి మాట నిలిచింది.

"మనిళ్లల్లో బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడక్కూడదంటారు" అన్నారాయన కిటికీ రెక్క వదలకుండా. "అడక్కపోతే పోనీ. వెళ్లేవాడు చెప్పి వెళ్లాలి. నూకరాజు చెప్పకుండా వెళ్లుంటే ఆ పెట్టెలో ఉన్నది ఎవరో, ఎందుకెళ్లాడో చెప్పే దిక్కుండేది కాదు."

ఆ సాయంత్రమే లైబ్రరీకి పోయి 1939 ఏఐఆర్ వాల్యూం, కోర్టు తీర్పులు అచ్చేసిన పుస్తకం, అడిగాను. ప్రివీ కౌన్సిల్ భాగం, 47వ పేజీ. వాల్యూమంతా కొత్త చీరలా పెళపెళలాడుతుంటే ఆ నాలుగైదు కాగితాలు మాత్రం అంచులు నలిగి, వేళ్ల మరకలతో నల్లగా ఉన్నాయి. నాకంటే ముందు ఎన్ని బ్యాచులు చదివాయో. ఇంగ్లీషు స్పెల్లింగులో పిఠాపురం పిఠాపూర్ అయింది, బరంపురం బెర్హంపూర్ అయింది. మార్జిన్లో ఎవరో పెన్సిలుతో తెలుగులో రాశారు, 'పాపం' అని. ఎవర్ని చూసి పాపమన్నారో మరి. నూకరాజునా, వాళ్లావిడనా, లేక ఈ పేరా బట్టీ పట్టాల్సిన తనని తనేనా!

దసరా సెలవులకి ఇంటికెళ్తూ పిఠాపురం ప్లాట్‌ఫారం మీద దిగి కాసేపు నిలబడిపోయాను. తీసుకెళ్లడానికొచ్చిన నాన్న "ఏం మర్చిపోయావు?" అన్నారు.

* * *

మూట్ కోర్టులో, అంటే మేం ఉత్తుత్తి కేసులు వాదించే కోర్టులో, నా పరువు పోయింది. నల్ల కోటు ఎవరిదో అరువు తెచ్చుకున్నా, చేతులు వేళ్ల దాకా వచ్చాయి. "మే ఇట్ ప్లీజ్ యువర్ లార్డ్‌షిప్" దాకా బాగానే అన్నాను. ఆ తర్వాత ఇంగ్లీషు మొత్తం ఎగిరిపోయింది. జడ్జీగా కూర్చున్నాయన ఊళ్లో పెద్ద అడ్వకేటు. నేను నోరు తెరిచి నిలబడితే, "తెలుగులో చెప్పమ్మా, రేపు సాక్షిని నువ్వడగాల్సింది తెలుగులోనేగా" అన్నారు. తెలుగులో చెప్పాను. మార్కులు రాలేదు. ఆయనన్న మాట ఎంత నిజమో తర్వాతగానీ తెలీలేదు.

ఇంకో క్లాసు గుర్తుంది. హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్. భార్యో భర్తో కాపురానికి రాకపోతే, రమ్మని కోర్టు డిక్రీ ఇవ్వొచ్చు. నటి సరిత కేసులో 1983లో మన హైకోర్టు జడ్జి జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్నే కొట్టేశారు, ఇష్టం లేని మనిషితో కాపురం చెయ్యమనడం ఆ మనిషి గౌరవానికీ ఏకాంతానికీ భంగమని. మరుసటి ఏడాదే, 1984లో, ఇంకో కేసులో సుప్రీంకోర్టు కాదు, సెక్షన్ సరైనదే అంది. డెబ్భై మంది క్లాసులో ఆడపిల్లలం తొమ్మిదిమందిమి. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి లేచి "మరి భార్య పుట్టింట్లో కూర్చుంటే మొగుడేం చెయ్యాలి సార్?" అన్నాడు. మాలో విజయనగరం అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పనిది, లేచింది. "వచ్చి అడగాలి. కోర్టుని పంపడమేంటి?" అని కూర్చుంది. ఆ రోజు ఇంక క్లాసు జరగలేదు. మిగతా ఎనిమిదిమందిమీ క్యాంటీన్లో దానికి టీ కొనిచ్చాం.

* * *

హైదరాబాదులో బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ అయ్యి, సనదు, అంటే ప్లీడరీ పట్టా, తీసుకుని, నల్ల గౌను వేసుకుని మొదటిసారి సీనియర్ గారి వెనకాల సాక్షి విచారణకి నిలబడ్డాను. సాక్షి ముసలి రైతు. గట్టు తగాదా. "ఆడు నాకేసి సూసి నవ్వాడండి" అన్నాడు. జడ్జిగారు టైపిస్టుకి ఇంగ్లీషులో చెప్పారు, "హీ స్మైల్డ్ ఎట్ మీ" అని. టైపు మిషను టకటకా కొట్టేసింది. ఆ నవ్వు ఎలాంటి నవ్వో కోర్టు హాల్లో అందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం ఇద్దరు ఇరుగుపొరుగులు చక్కగా నవ్వుకున్నట్టు పడింది. పిఠాపురం పిఠాపూర్ అయినట్టే ఇదీనూ. అప్పుడు ఆ 47వ పేజీ గుర్తొచ్చింది. నూకరాజు భార్య కూడా కోర్టులో తెలుగులోనే కదా చెప్పుంటుంది. ఆవిడ ఏ మాట అందో, గొంతు ఎలా పూడుకుపోయిందో, లార్డ్ అట్కిన్ దాకా ఎంత చేరిందో.

ఇక నాన్న దావా. ఆయన లెక్క తప్పింది. సొంత తండ్రి కేసు నేను పట్టుకోనన్నాను, సీనియర్ గారూ వద్దన్నారు. నాన్న నాతో ఆర్నెల్లు సరిగ్గా మాట్లాడలేదు. చివరికి దావా వేసిన ఇరవై రెండో ఏట లోక్ అదాలత్‌లో పది నిమిషాల్లో తేలిపోయింది. దావా వేసినప్పుడు కాపుకి రాని మొక్కలు, రాజీ అయ్యేనాటికి ఎక్కేవాడు దొరకని చెట్లు. నాన్నా పెదనాన్నా బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. ఇద్దరూ ఒకేసారి జేబులో చెయ్యి పెట్టారు. "ఉండరా, పెద్దవాణ్ణి నేనున్నానుగా" అన్నారు పెదనాన్న. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. మా వాళ్లిద్దరూ టీ తాగి, ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని వచ్చారు.

* * *

పెట్టె అడుగున నావి కాని కాగితాలు ఉన్నాయి. నేను వాడ్డం మానేశాక నాన్న తనవి కూడా ఇందులోనే వేసినట్టున్నారు. పొడుగాటి లెక్కల పుస్తకం, అట్ట మీద శ్రీరామ. లోపల వరసగా వాయిదాలు.

'వాయిదా పడింది. జడ్జిగారు సెలవు. బస్సు 2-40. కాఫీ 0-75. గుమాస్తాకి 5-00.'

'వాయిదా పడింది. అవతలి ప్లీడరు రాలేదు. బస్సు 2-40. గొడుగు బాగుచేయించింది 3-00. గుమాస్తాకి 5-00.'

పేజీలకి పేజీలు ఇలాగే. బస్సు చార్జీ పెరుగుతూ పోయింది, గుమాస్తా రేటూ పెరిగింది. ఒక్కచోట మాత్రం:

'వాయిదా పడింది. అమ్మాయికి సనదు వచ్చింది. స్వీటు పొట్లాలు 3. గుమాస్తాకి ఈసారి ఇవ్వలేదు.'

అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చదివి వినిపించాను. "నాకు తెలీదనుకునేవారు, ఆయన ఎక్కడికెళ్తున్నారో" అంది. "ఇస్త్రీ పంచె కడితే కోర్టు. మామూలు పంచె, కొత్త కండువా అయితే మీ మేనత్త ఇల్లు. ఊరికే చొక్కా మార్చి వెళ్తే పేకాట. అడక్కపోతే తెలీదా ఏంటి?"

"తెలిసినా నీ సాక్ష్యం అంతంతమాత్రమేనమ్మా. ఆయన నోటితో చెప్పలేదుగా" అన్నాను.

"ఏడిసినట్టుంది నీ చట్టం" అంది అమ్మ.

బేర్ యాక్టులు (ఒట్టి చట్టం పాఠం ఉండే పుస్తకాలు), గైడ్లు అన్నీ పేపర్లవాడికి వేశాం. పదకొండు కిలోలు తూగాయి. వాడు కాటా ముల్లు కేసి చూస్తుంటే నేను వాడి వేలు కేసి చూశాను, ప్లీడరు బుద్ధి ఎక్కడికి పోతుంది. నోట్సు పుస్తకాలు రెండు, 32 దగ్గర గీతలు గీసిన ఎవిడెన్స్ యాక్టు, నాన్న లెక్కల పుస్తకం పెట్టెలోనే ఉంచేశాను. ఆ 32 ఇప్పుడు 26 అయింది. ఆఫీసులో నా జూనియర్ నన్ను దిద్దుతూ ఉంటుంది.

మర్నాడు సాయంత్రం బండికి బయల్దేరాను. అమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. ఎక్కడికని అడగదు, ఎందాకా అనీ అనదు.

"విశాఖపట్నం వెళ్తున్నానమ్మా. రేపు కోర్టుంది. ఇంటికి చేరగానే ఫోను చేస్తాను" అన్నాను.

"వెళ్తున్నాననకే, వెళ్లొస్తాననాలి" అంది.

ఆటో అబ్బాయి పెట్టెని వెనక్కి ఎక్కిస్తూ, మూత మీది అక్షరం కేసి ఓసారి చూసి, "ఏముందండీ ఇందులో, ఇంత బరువుంది?" అన్నాడు.